రెండు రేచీకట్లు

రేయి, చీకటి అన్న రెండు మాటలు కలిసి రేచీకటి అయింది. రాత్రివేళ చూపు ఆనకపోవడం దాని అర్థం. సంస్కృతంలో నక్తాంధ్యమన్నారు. ఈ ఒక్క మాట చాటున మా అనంతపురం సీమలో తరతరాలుగా రెండు వేర్వేరు జబ్బులు కాపురముంటూ వచ్చాయి. ఒకటి కూటి కరవు వల్ల వచ్చేది; రెండవది వంశంలో వచ్చేది. మొదటిది ఆకుకూరకూ మందు చుక్కకూ లొంగుతుంది. రెండవది నేటికీ చాలావరకు లొంగలేదు. పైకి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు గడప తడుముకుంటాడు, అన్నం ముందు పెడితే కంచం కోసం చేయి చాపి వెతుక్కుంటాడు. ఈ రెంటినీ వేరుచేయడానికి మనిషి కంటిలోపలికి తొంగిచూడవలసి వచ్చింది, అక్కడి రక్తనాళాలను బొమ్మగా గీయవలసి వచ్చింది. ఆ బొమ్మల చరిత్రనూ, దానికీ మా కరవు నేలకూ ఉన్న సంబంధాన్నీ ఈ టపాలో చెప్పదలచుకున్నాను.

మొదటి రేచీకటి సంగతి ముందు చూద్దాం. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుండి విడివడి ఏర్పడింది. అప్పటికి ధాత కరవు ముగిసి నాలుగేళ్ళు. 1876-78 నాటి ఆ కరవులో మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలు పోయాయి. బళ్ళారి, కర్నూలు సీమలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వానపడే పీఠభూమి ఇది. వాన ముఖం చాటేస్తే గింజ కన్నా ముందు కనబడకుండా పోయేది ఆకుకూర. మునగాకు, తోటకూర, చెంచలాకు లేని ఇంట పిల్లలకు కొన్ని నెలల్లోనే రేచీకటి పట్టుకుంటుంది. ఈ జబ్బుకు ఆహారంతో సంబంధముందని మన పూర్వులు గ్రహించకపోలేదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో నక్తాంధ్యానికి మేక కాలేయాన్ని ఔషధంగా చెప్పారు. కాలేయంలో విటమిన్ ఎ నిలువ ఉంటుందని తెలియకపోయినా గుణం తెలిసిందన్నమాట.

కారణం ఇరవయ్యవ శతాబ్దంలో తేలింది. కంటి వెనుక పొరలో, అంటే రెటీనాలో, మసక వెలుతురులో పనిచేసే దండకణాలున్నాయి. వాటిలోని రొడాప్సిన్ అనే వర్ణద్రవ్యం తయారు కావాలంటే విటమిన్ ఎ కావాలి. 1933లో రెటీనాలో ఈ విటమిన్‌ను కనుగొన్న జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో పోషకాహార పరిశోధన 1918లో కూనూరులో మెక్‌కారిసన్ చేతిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఒకటి నుండి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ మోతాదు పోసే జాతీయ కార్యక్రమం 1970లో ఆరంభమైంది. ఆ చెంచాడు మందు ఎందరి కళ్ళో నిలబెట్టింది. నా ఎరుకలోనే, రాత్రి తల్లి కొంగు వదలని పిల్లలు మోతాదు పడిన కొద్ది రోజులకే వెన్నెల్లో ఆడుకోవడం చూశాను.

అయితే ఆ మోతాదు పడినా మారని పిల్లలూ ఉన్నారు. ఒకే ఇంట అన్నదమ్ములిద్దరికీ రాత్రి చూపు ఉండదు. పెరిగేకొద్దీ పగలు కూడా పక్కనున్న మనిషి కానరాడు, ఎదుట ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. నలభై యాభై ఏళ్ళకు అదీ మసకబారుతుంది. ఊళ్ళో ఇటువంటి ఇంటికి ఏ శాపమో, ఏ నాగదోషమో అంటగడతారు. కోడలు వచ్చిన వేళ మంచిది కాదంటారు. ఇదే రెండవ రేచీకటి. దీని వైద్యనామం రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇది ఒక్క జబ్బు కాదు, వంశానుగతంగా వచ్చే రెటీనా వ్యాధుల పెద్ద కుటుంబంలో ప్రధానమైన శాఖ.

ఇక కంటి లోపలి బొమ్మకు వద్దాం. తన కంటి రక్తనాళాలను తానే చూసుకోవచ్చునని 1819లో చెప్పినవాడు చెక్ దేశస్థుడు పుర్కిన్యె. చీకటి గదిలో కంటికి పక్కగా కొవ్వొత్తిని అటూ ఇటూ కదిలిస్తే, రెటీనా మీద పరచుకొన్న నాళాల నీడలు ఎండిపోయిన మాను కొమ్మల్లా కళ్ళముందు నిలుస్తాయి. దీనికి పుర్కిన్యె చెట్టు అన్న పేరు నిలిచిపోయింది. ఆ చెట్టు నీడ మన కంటిలో పుట్టినప్పటి నుండీ కదలకుండా ఉండడం వల్ల మెదడు దానిని లెక్కపెట్టదు. నీడ కదిలినప్పుడే గుర్తిస్తుంది. ఈ కదలిక అన్న సంగతిని చదువరులు మనసులో ఉంచుకోవాలి, చివర మళ్ళీ దీనితో పని ఉంది. అదే 1819లో మద్రాసులో కంటి ఆసుపత్రి వెలసింది. మద్రాసు రాజధానిలోని మా సీమకూ ఆనాడు అదే పెద్ద కంటి ఆసుపత్రి.

ఒకరి కంటి చెట్టును మరొకరు చూడడం 1851 నుండి సాధ్యమైంది. కంటిపాప నల్లగా ఉండడానికి కారణం లోపల చీకటి కాదు, లోపలికి పోయిన వెలుతురు వచ్చిన దారినే వెనుదిరగడం. ఆ దారికి చూసేవాని తల అడ్డు. హెల్మ్‌హోల్ట్జ్ గాజుపలకలను ఏటవాలుగా నిలిపి, దీపపు వెలుతురును కంటిలోకి పంపుతూ అదే దారిలో తానూ చూసే ఉపాయం కనిపెట్టాడు. ఆ ఆఫ్తాల్మోస్కోపు ప్రకటితమైన రెండేళ్ళకే, 1853లో, హాలండులో వాన్ ట్రిక్ట్ కంటి అడుగుభాగపు చిత్రాలను అచ్చువేశాడు. ఆ దశకంలోనే దొండర్స్ అనే వైద్యుడు నల్లటి మచ్చలు పడిన రెటీనాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అని పేరు పెట్టాడు. రెటినైటిస్ అంటే రెటీనా వాపు. నిజానికి ఈ జబ్బుకు మూలం వాపు కాదు. పేరు తప్పయినా వాడుకలో స్థిరపడింది. భాషలో ఇటువంటివి మనకు కొత్త కాదు గదా.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న వ్యక్తి రిచర్డ్ లీబ్రైష్. కంటి అడుగుభాగపు చిత్రాలతో 1863లో పేరుపొందిన గ్రంథం వెలువరించాడాయన. అంతకు రెండేళ్ళ ముందే, 1861లో, బెర్లినులోని మూగచెవిటివారి కళ్ళను పరీక్షించి, ఈ జబ్బున్నవారిలో చాలామంది దగ్గర చుట్టాల మధ్య జరిగిన పెళ్ళిళ్ళ సంతానమని ప్రకటించాడు. మెండెల్ బఠానీ మొక్కల ఫలితాలు ఇంకా వెలువడలేదు. జన్యువు అన్న మాటే పుట్టలేదు. నాళాల బొమ్మ గీసిన చేయే వంశవృక్షాన్నీ గీసింది. ఒక చెట్టు కంటిలోనిది, మరొకటి ఇంటిలోనిది. మా సీమలో అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త మేనమామ బిడ్డల మధ్య సంబంధాలు కలుపుకోవడం ఎంత మామూలో ఎరిగినవారికి ఆ 1861 నాటి మాట పరాయి దేశపు మాటగా తోచదు.

ఆ కాలం నుండి ఈ జబ్బుకు మూడు గుర్తులు చెబుతూ వస్తున్నారు. రెటీనా అంచుల్లో ఎముక ముక్కల ఆకారంలో నల్లమచ్చలు. కంటినరం మొదలు మైనపు రంగుకు పాలిపోవడం. ధమనులు దారపుపోగుల్లా సన్నబడడం. మన రెండు రేచీకట్లను వేరుచేసేవి ఈ గుర్తులే. విటమిన్ లోపం వల్ల చూపు తగ్గిన కంటిలో రెటీనా మీద తెల్లని చుక్కలు ఉండవచ్చునేమో గాని నాళాలు సాధారణంగా మామూలు లావులోనే ఉంటాయి. వంశపు రేచీకటి ముదిరిన కంటిలో చెట్టు కొమ్మలు సన్నగిల్లి, చివరి రెమ్మలు కనబడకుండా పోతాయి. తొలిదశలో మాత్రం ఈ తేడా కంటికి ఆనకపోవచ్చు. అందుకే రెటీనా విద్యుత్తును కొలిచే పరీక్షను, అంటే 1945లో స్వీడన్ వైద్యుడు కార్పె వైద్యంలోకి తెచ్చిన ఎలెక్ట్రోరెటినోగ్రామును, నేటికీ నమ్ముకుంటారు.

గీసిన బొమ్మ గీసేవాని చేతిని బట్టి ఉంటుంది. బతికి ఉన్న మనిషి రెటీనా ఛాయాచిత్రాన్ని తొలిసారి 1886లో జాక్‌మన్, వెబ్‌స్టర్ అనేవారు ప్రకటించారు. రెండున్నర నిమిషాలు కన్ను కదపకుండా కూర్చుంటే దక్కిన ఆ చిత్రంలో పెద్ద నాళాలు మాత్రమే లీలగా కనబడ్డాయి. సన్నని కేశనాళికలు కనబడడానికి ఇంకా 75 ఏళ్ళు పట్టింది. 1961లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ వైద్యవిద్యార్థులు నోవోట్నీ, ఆల్విస్ చేతినరంలోకి ఫ్లోరసీన్ అనే రంగును ఎక్కించి, నీలికాంతిలో కంటిని వరుసగా ఫోటోలు తీశారు. 1871లో జర్మన్ రసాయనవేత్త బాయర్ తయారుచేసిన రంగది. నీలికాంతి తగిలితే పచ్చగా వెలుగుతుంది. చేతి నుండి కంటికి పది పదిహేను సెకన్లలో చేరి, ధమనులను, కేశనాళికలను, సిరలను వరుసగా వెలిగించుకుంటూ పోతుంది. తొలి ప్రయోగానికి ఎవరి కన్ను ఒప్పజెప్పాలన్న ప్రశ్న నాణెం ఎగురవేయడంతో తేలిందనీ, ఓడిన ఆల్విస్ కంటినే ఫోటో తీశారనీ చెబుతారు. కంటివైద్యుల పత్రిక వారి వ్యాసాన్ని తిప్పిపంపింది, గుండె రక్తప్రసరణ శాస్త్రపు పత్రిక అచ్చువేసింది. ఈ పరీక్ష ఎన్నో కళ్ళను కాపాడింది. అయితే దానివల్ల కొందరికి వాంతులవుతాయి, అరుదుగా ప్రాణం మీదికి వచ్చేంత వికటిస్తుంది. చిన్నపిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరం.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. నాళాలు సన్నబడడం అందరికీ కనబడుతున్నది. కాబట్టి నెత్తురు అందక కన్ను చస్తున్నదన్న ఊహ సహజంగానే పుట్టింది. ఇరవయ్యవ శతాబ్దంలో దశాబ్దాల తరబడి ఈ జబ్బుకు నాళాలను వెడల్పు చేసే మందులు ఇచ్చారు. 1990లలో క్యూబాలో కంటి వెనుకకు నెత్తురు చేర్చే శస్త్రచికిత్స, ఓజోను, విద్యుత్తు కలిపిన వైద్యం పేరుపొంది, అనేక దేశాల రోగులు హవానాకు ప్రయాణం కట్టారు. అమెరికా వైద్యుడు బెర్సన్ బృందం అక్కడికి వెళ్ళివచ్చిన పదిమందిని పరీక్షించి, మేలు జరిగిన ఆధారమేదీ లేదని 1996లో ప్రకటించింది. అంత దూరం పోలేనివారు మా వైపూ ఉన్నారు. నెత్తురు బాగా పారేలా చేస్తామన్న మాట నమ్మి, రెండెకరాల చేను అమ్మి ఊరూరా తిరిగిన కుటుంబాలను నేనెరుగుదును. వారు నమ్మిన తర్కం మాత్రం తెలివితక్కువది కాదు. పెద్ద వైద్యులే చాలాకాలం అదే నమ్మారు.

తర్కం ఎక్కడ తిరగబడిందో మా చెరువు కాలువను చూపి చెప్పవచ్చు. చెరువు కింద ఆయకట్టు ఉన్నంతకాలం కాలువకు పూడిక తీస్తారు, గట్లు నిలబెడతారు, నీరు నిండుగా పారుతుంది. ఏ కారణం చేతనో ఆ మళ్ళు బీళ్ళయి రైతులు వలసపోతే, అడిగేవారు లేని కాలువ ఏడాదికేడాది పూడి సన్నబడుతుంది. తరువాత వచ్చి చూసినవాడు కాలువ సన్నబడినందువల్లే మళ్ళు ఎండాయంటాడు. ఎండిన తరువాతనే కాలువ సన్నబడిందని అతనికెలా తెలుస్తుంది? రెటీనాలో ఎక్కువ ప్రాణవాయువును ఖర్చుచేసేవి దండకణాలు. జన్యుదోషం వల్ల అవి చచ్చిపోగానే ఆ వాయువు మిగిలిపోతుంది. రెటీనా లోపలి పొరలు దానితో నిండగా, అవసరం తీరిన నాళాలు ముడుచుకుంటాయి. నేటి శాస్త్రజ్ఞులు ఎక్కువమంది చెబుతున్నదిదే. మిగిలిపోయిన ఆ ప్రాణవాయువు పగటి చూపునిచ్చే శంకుకణాలకు హాని చేస్తుందన్న వాదం మీద కొత్త మందుల పరీక్షలు జరిగాయి. మొత్తంమీద, నాళం ఈ వ్యవహారంలో ప్రధానంగా దోషి కాదు, సాక్షి. కాబట్టి నాళాన్ని వెడల్పు చేసినంత మాత్రాన చచ్చిన కణం లేచిరాదు.

సాక్షి చెప్పేదాన్ని శ్రద్ధగా వినే సాధనం ఇటీవలి కాలంలో వచ్చింది. 1991లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో హువాంగ్, ఫుజిమోటో తదితరులు కాంతితో రెటీనా పొరలను అడ్డంగా కోసి చూపే ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీని, పొట్టిగా ఓసీటీని, ప్రకటించారు. 2012లో జియా, హువాంగ్ బృందం దానినే రక్తనాళాలకు వర్తింపజేసే ఓసీటీ యాంజియోగ్రఫీకి ఒక సమర్థమైన పద్ధతి చూపింది. ఉపాయం పుర్కిన్యె కొవ్వొత్తిని తలపిస్తుంది. ఒకే చోటును వెంటవెంటనే పలుమార్లు స్కాన్ చేస్తారు. మారకుండా ఉన్నది కణజాలం. మారినది నెత్తురు, ఎందుకంటే అక్కడ కదిలేది రక్తకణాలే. ఆ తేడాలను కూర్చితే చెట్టు మొత్తం తేలివస్తుంది. సూది లేదు, రంగు లేదు, కొద్ది సెకన్ల పని. ఫ్లోరసీన్ ఫోటోలో ఒకదాని మీద ఒకటి కలిసిపోయే పై వల, లోతు వల, రెటీనా వెనుకనున్న కొరాయిడ్ కేశనాళికల పొర ఇందులో విడివిడిగా కనబడతాయి.

వంశానుగత రెటీనా వ్యాధులున్న కళ్ళలో ఈ పద్ధతితో చేసిన పరిశీలనల్లో కేశనాళికల సాంద్రత తగ్గినట్టు పదేపదే కనబడింది. లోతు వలలో ఈ తగ్గుదల తరచు ఎక్కువ. కాంతిని గ్రహించే కణాల పొర ఎంత మిగిలి ఉందో, నాళాల వల కూడా దాదాపు దానికి తగినట్టే మిగిలి ఉంటుంది. దీనికీ హద్దులున్నాయి. మరీ నెమ్మదిగా పారే నెత్తురును ఇది లేనట్టే చూపుతుంది. నాళం నుండి ద్రవం కారుతూ ఉంటే పట్టుకోలేదు, దానికి ఫ్లోరసీనే దిక్కు. చూపు నిలపలేక కళ్ళు ఊగులాడే పసిబిడ్డల బొమ్మలు చెదిరిపోతాయి. తెరమీది నల్లని ఖాళీ చూసి అదిరిపడవలసిన పనీ లేదు, సంబరపడవలసిన పనీ లేదు.

తెలుగునాట ఈ కథలో ఇంటి చెట్టును గీసినవారిని తలచుకోవాలి. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదలి భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన శిష్యులలో ఒకరు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఆయన మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశంలోని మేనరికాల తరచుదనాన్నీ ఫలితాలనూ పరిశీలించి 1963లో ప్రకటించారు. లెక్క సులభమే. మేనరికపు సంతానంలో పదహారింట ఒకవంతు జన్యుస్థానాల్లో, మామ-అక్కకూతురు సంతానంలో ఎనిమిదింట ఒకవంతులో, ఒకే పూర్వీకుని నుండి వచ్చిన ఒకే ప్రతి రెండువైపులా చేరే అవకాశముంది. అంతర్గతంగా దాగి ఉండే దోషం అప్పుడు బయటపడుతుంది. మేనరికపు బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యవంతులే. ఈ జబ్బు దగ్గరి సంబంధాలు లేని ఇళ్ళలోనూ వేరే దారుల్లో వస్తుంది. కాని దాగి ఉండే రకంలో తల్లి ఒక ప్రతి ఇస్తే తండ్రి ఒక ప్రతి ఇవ్వాలి. కోడలిని మాత్రమే నిందించడానికి శాస్త్రంలో చోటు లేదు.

1987లో హైదరాబాదులో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996-2000 మధ్య రాష్ట్రంలో అంధత్వ సర్వే జరిపింది. 10,293 మందిని పరీక్షించి, అంధత్వం 1.84 శాతమని తేల్చారు. ఎంచుకున్న నాలుగు చోట్లు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. రాయలసీమ అందులో లేదు. తమిళనాడులో నలభై దాటినవారిని పరీక్షించి 2008లో ప్రకటించిన మరో అధ్యయనంలో రెటినైటిస్ పిగ్మెంటోసా పల్లెల్లో 372 మందికి ఒకరిలో, పట్టణాల్లో 930 మందికి ఒకరిలో కనబడింది. ప్రపంచపు లెక్కగా సాధారణంగా చెప్పేది నాలుగువేలకు ఒకరు. హైదరాబాదు సంస్థలో చిత్ర కన్నభిరాన్ బృందం ఇటువంటి కుటుంబాల నెత్తురు నమూనాల నుండే దోషమున్న జన్యువులను గుర్తించింది. జబ్బు మోసిన ఇళ్ళే దాని తాళంచెవినీ శాస్త్రానికి అందించాయి. మా సీమలోనూ ఆధారాలు లేకపోలేదు. 1991లో పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో తెరచిన ఆసుపత్రిలో కంటివిభాగముంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చూపులేని పిల్లలకు బడులు నడిపింది. 2022లో జిల్లా రెండుగా చీలినా రోగి బస్సెక్కే దారి అదే.

చివరికి ఈ రెండు రేచీకట్లు ఒకచోట కలుసుకున్నాయి. ఆర్.పి.ఇ.65 అనే జన్యువు రెటీనాలో విటమిన్ ఎ ను తిరిగి పనికివచ్చే రూపంలోకి మార్చే ఎంజైముకు మూలం. అది చెడిన బిడ్డకు కడుపునిండా ఆకుకూర పెట్టినా కంటికి ఆ విటమిన్ అక్కరకు రాదు. ఇంటినిండా గింజలుండి తిరగలి విరిగినట్టు. ఈ లోపానికి జన్యుచికిత్సను 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. రెండు కళ్ళకూ కలిపి నాడు పెట్టిన వెల ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. మరోవైపు, స్టార్‌గార్ట్ అనే వంశానుగత వ్యాధిలో అదనపు విటమిన్ ఎ హానిచేయవచ్చునని వద్దంటారు. ఒక కంటికి అమృతమైనది మరొక కంటికి విషం కావచ్చునంటే, ఏ కన్ను ఏదో తెలియకుండా మందు ఇవ్వడం ఎలా? లోపలి చెట్టును చూడడం, ఇంటి చెట్టును అడిగి తెలుసుకోవడం, ఈ రెండూ చికిత్స ఉన్నా లేకున్నా అవసరమే. జబ్బు నయంకాదని నిక్కచ్చిగా తెలిస్తే చేను మిగులుతుంది, కోడలి మీది నింద తొలగుతుంది, పిల్లవాడు చూపు ఉండగానే తగిన చదువులో చేరతాడు.

అందువల్ల నా మనవి ఒకటి. ఒక్క మాట రెండు జబ్బులను దాచిపెట్టగలిగినప్పుడు మరొక మాట వాటిని విడదీయనూగలదు. కరవు రేచీకటి, వంశపు రేచీకటి అని విడిగా వాడుకుందాం. బడిపంతులూ, అంగన్‌వాడీ అమ్మా మోతాదు పడినా తీరని రేచీకటిని చూసినప్పుడు ఆ రెండవ పేరు వారి నోట రావాలి. మీ మీ సీమల్లో వీటికి ఇప్పటికే వేర్వేరు పేర్లుంటే మిత్రులు తెలియజేయగలరు. మా పెద్దలు ఎక్కడో ఒకచోట ఈ తేడాను కనిపెట్టి ఉంటారనే నా నమ్మకం.